సీరియల్ నంబరు చివరి అక్షరం

మా హోమ్ థియేటర్ పెట్టె వెనక, సీరియల్ నంబరు చివర, ‘ఎ’ అనే అక్షరం ఉంది. పదిహేనేళ్లు ఆ పెట్టె వాడాను. దుమ్ము తుడిచాను, వైర్లు పీకి మళ్లీ పెట్టాను. ఆ అక్షరం మాత్రం ఒక్కసారీ నా కంట పడలేదు. పడ్డా అది ఏమిటని అడిగేవాడిని కాను. తెలియని సంగతి తెలియదని నలుగురిలో ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున, రాజురా వైపు ఊరు. మూడు తరాలు పటేల్‌గిరీ, ఊరి పెత్తనం, మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఆ ఊరు లేదు. బొగ్గు కోసం తవ్వారు. మా వాడా, మా పెద్ద లోగిలి, ఉన్న చోట లారీలు గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతాయట. నేను వెళ్లి చూడలేదు. చంద్రపూర్ కోట గోడ లోపల ఒక ఇంటి కింది వాటాలో ఉంటున్నాం, అక్క, నేను. నా భార్య పోయి చాలాకాలమైంది. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. పెళ్లయిన మూడో ఏడే బావ పోతే తిరిగి వచ్చేసింది. అప్పటినుంచి మా నాన్న, బాపు, పోయేదాకా ఆయన్ను చూసుకున్నది ఆమే. చక్కెర వ్యాధితో ఆమె రెండు కళ్లూ పోయి ఆరేళ్లు.

ఊరు ఖాళీ చేసే ముందు బాపు చేత మాట్లాడించాలని నాకు తోచింది. పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకతన్ని రాజురానుంచి పిలిపించాను. మూడు మధ్యాహ్నాలు బాపు వాడా వసారాలో కుర్చీ వేసుకుని, తలపాగా చుట్టుకుని, కెమెరా ముందు కూర్చున్నాడు. మా తాతలు ఎక్కడినుంచి వచ్చారు, ఏ చేను పేరేమిటి, ఏ చేనికి ఎవరి చేను సరిహద్దు, ఏ వాగు ఏ ఏడు దారి మార్చుకుంది, అన్నీ చెప్పాడు. మరుసటి వానాకాలంలోనే బాపు పోయాడు.

ఆ మూడు రోజుల మాటలు హోమ్ థియేటర్‌లో ఉండేవి. అది మామూలు హోమ్ థియేటర్ కాదు. ఐదు స్పీకర్లు, ఒక బరువైన బేస్ డబ్బా, దానితోపాటు పెట్టెలోనే రికార్డు చేసుకునే హార్డ్ డిస్కు. ఊరు పోయినందుకు వచ్చిన సొమ్ముతో నేను మొదట కొన్నది అదే. అందరూ ఇళ్లస్థలాలు కొన్నారు, నేను ఇది కొన్నాను. క్యాసెట్లను ప్లేయరులో పెట్టి, దాన్ని ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో పెట్టెకు తగిలించి డిస్కులోకి ఎక్కించాను. క్యాసెట్లు తర్వాత కారే అటకమీద బూజు పట్టి పోయాయి. పెట్టెలో సీడీలు చేసే భాగం రెండో ఎండాకాలానికే చెడింది. షాపుకు తీసుకెళ్లి నకలు తీయించవచ్చు. కాని దుకాణంలో పదిమంది నిలబడి మా బాపు మాట వింటారని తలుచుకుంటేనే నాకు నచ్చలేదు. ఫోనులో పట్టుకుంటే సరిపోయేది కదా అని ఇప్పుడు అనేవాళ్లున్నారు. పెట్టె రోజూ నడుస్తోంది. నడుస్తున్నదానికి నకలు కావాలని ఎవరికి తోస్తుంది?

రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అక్క ఆ గదిలో కూర్చునేది. నేను పెట్టె పెట్టేవాణ్ని. బాపు గొంతు ముందరి మధ్య స్పీకరులోంచి వచ్చేది. పెట్టెలో ఒక ఏర్పాటుంది, అది నొక్కితే చుట్టుపక్కల చప్పుళ్లు విడదీసి వెనక స్పీకర్లకు పంపుతుంది. కాకులు, చేద గిలక, గేదె మెడలో గంట, ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వెనకనుంచి వచ్చేవి. ఒకరోజు నేను మరిచిపోయి వెనక స్పీకర్లు వేయలేదు.

“తమ్మీ, ఇయ్యాల బాపు ఒక్కడే కూసున్నడేందిరా? ఎనకాల ఎవ్వరు లేరు,” అంది అక్క.

అప్పటినుంచి మరిచిపోలేదు. వంశవృక్షం వచ్చేదాకా నేనూ కూర్చునేవాణ్ని. ఏ తాత ఎవరి దగ్గర సనదు పత్రం తెచ్చాడు, ఏ అధికారి మా ఇంటి ముందు గుర్రం దిగి నడిచి వచ్చాడు, అవి వినడం నాకు ఇష్టం. ఆ తర్వాత చేల పేర్ల దగ్గర లేచి పోయేవాణ్ని. లేని చేల పేర్లు వినలేకపోయేవాణ్ని. అక్క మాత్రం చివరిదాకా, మూడు గంటలూ, కదలకుండా కూర్చునేది.

ఈ ఎండాకాలం కరెంటు ఒక మధ్యాహ్నం నాలుగుసార్లు పోయి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కరెంటు పంపే ఊరు మాది, మాకు మాత్రం అది నిలకడగా ఉండదు. నాలుగోసారి వచ్చాక పెట్టెలో ఎర్రదీపం కొట్టుకుంది తప్ప అది లేవలేదు. పాత సామాను బాగుచేసేవాడు బల్లార్‌పూర్‌లో ఒకడున్నాడని విన్నాను. ఎవరని అడిగితే, మా ఊరివాడే. వాళ్ల నాన్న మా ఇంట్లో ఎడ్ల పని చూసేవాడు. వీళ్లు తర్వాత క్రైస్తవంలోకి వెళ్లారు, కాగితం మిల్లులో పనికి కుదిరారు. ఇతను మిల్లులో మీటర్లు, యంత్రాలు చూసి, అది మానేసి దుకాణం పెట్టుకున్నాడు. యాభై దాటి ఉంటాయి. వాడి గడపకు నేను వెళ్లడమా అని రెండు రోజులు ఊరుకున్నాను. అక్క రెండు మధ్యాహ్నాలూ అదే గదిలో, చప్పుడు లేని పెట్టె ముందు కూర్చుంది. మూడో రోజు పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచాడు.

“రాండ్రి పటేలా. మీరెందుకు వచ్చిండ్రు, కబురు పెడితే నేనే వస్తుంటి గద. అక్కగారు మంచిగున్నరా?”

పెట్టె విప్పి, బోర్డు బయటికి తీసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.

“బోర్డు కాలింది పటేలా. డిస్కు బతికే ఉన్నది. తిరుగుతుంది సూడుండ్రి, చెయ్యి పెట్టుండ్రి.”

చెయ్యి పెట్టాను. లోపల సన్నగా ఏదో తిరుగుతోంది. బాపు అందులో ఉన్నాడనుకున్నాను.

“మరి ఇంకో బోర్డు వెయ్యి.”

“ఎయ్యొచ్చు. గని ఏదంటే అది ఎయ్యరాదు.” పెట్టె వెనక్కి తిప్పి ఆ అక్షరం చూపించాడు. “గిది ఎ రకం. తర్వాత గిదే డబ్బ, గిదే పేరు, గిదే మొకం పెట్టి బి రకం తీసిండ్రు. బయట సూస్తే అన్నదమ్ములు. లోపల సుట్టాలు గుడ గాదు.”

“పేరు ఒకటే అయినప్పుడు తేడా ఎందుకుంటుంది?”

“కంపెనోడు మనల్ని అడిగి మారుస్తడా పటేలా?” నవ్వాడు. బోర్డు మీద ఎనిమిది కాళ్లున్న, గోరంత చిప్పు ఒకటి చూపించాడు. “గిది తాళంచెవి. మీరు రికార్డు చేసిందంత గీ చెవితోని తాళమేసి డిస్కుల పెట్టింది. ఎ రకం బోర్డు ఇంకోటి దొరికితె గీ చెవి పీకి దాంట్ల అతికిస్త. మీ బాపు ఎట్లున్నోడు అట్లనే మాట్లాడ్తడు. బి రకంల గీ చిప్పే లేదు. తాళంచెవిని పెద్ద చిప్పుల్నే కలిపేసిండ్రు. దాన్ని పీకరాదు, దీన్ని పెట్టరాదు.”

“సాఫ్ట్‌వేర్ ఒకటే అయితే?” అని అడిగాను. పెట్టె నడిచే రోజుల్లో మెనూలో సాఫ్ట్‌వేర్ నంబరు చూసి పెట్టెతో వచ్చిన పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకున్నాను. నాకూ కొంత తెలుసునని వాడికి తెలియాలి.

“నంబరు ఒక్కటే రాస్తరు పటేలా, రెండు రకాలకు వేరువేరుగ చేస్తరు. నంబరు సూసి మోసపోవద్దు. బోర్డు సూడాలె.” తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “ఒక్కటి యాదికి పెట్టుకోండ్రి. గీ డిస్కును వేరే డబ్బకు తగిలిస్తే ‘గిది నాది గాదు, సాఫు చేసి నాది చేసుకోవాల్నా’ అని టీవీ మీద అడుగుతది. వద్దనుండ్రి. ఏది అడిగినా వద్దనుండ్రి. అవునన్నరో, అయిపాయె. అసలు డిస్కు నా దగ్గరే ఇడిసిపెట్టుండ్రి, నాగపూర్‌ల పాత సామాన్ల బజారుల ఎ రకం దేవులాడ్త. దొరకంగనే పెడ్త.”

డిస్కు వాడి దగ్గర వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. బాపును వాళ్ల బల్ల మీద, వైర్ల మధ్య, సోల్డర్ పొగలో వదిలి రావడమా? డిస్కు, పెట్టె రెండూ దుప్పట్లో చుట్టుకుని వచ్చేశాను. చిన్న చిప్పు ఉన్న బోర్డు వాడే జాగ్రత్తగా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

వానాకాలం వచ్చింది. పదిహేను రోజులకోసారి వాడు ఫోను చేసేవాడు. “దొరకలే పటేలా. అన్నీ బి రకమే వస్తున్నయి. ఆగుండ్రి.” అక్క అడగడం మానేసింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ గది గడప దాకా వచ్చి, చెయ్యి తలుపు మీద పెట్టి, కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయేది. అడిగినా బాగుండేది.

ఆ రోజుల్లోనే బ్యాంకులో ఒక పెద్దమనిషి పరిచయమయ్యాడు. ఊర్జానగర్‌లో కరెంటు కేంద్రం ఇంజనీరుగా చేసి, ఉద్యోగం ముగిసి క్వార్టరు ఖాళీ చేస్తున్నాడు. మరాఠీ ఆయన. మా మాటలన్నీ మరాఠీలోనే జరిగేవి. మా పటేల్‌గిరీ సంగతి విని, నన్ను మొదటిరోజే ‘పాటిల్ సాహెబ్’ అన్నాడు. ఈ ఊళ్లో నన్ను అలా పిలిచేవాళ్లు మిగల్లేదు. మాటల్లో పెట్టె సంగతి వస్తే ఆశ్చర్యపోయాడు.

“అదే మోడల్ నా దగ్గర మూలన పడి ఉంది, పాటిల్ సాహెబ్. సామాను సర్దుతుంటే ఎవరికివ్వాలా అనుకుంటున్నాను. తీసుకోండి.”

ఊరికే తీసుకోవడం మాకు చేతకాదు. మా నాయనమ్మ తమలపాకులు పెట్టుకున్న ఇత్తడి పాన్‌దాన్ ఒకటి మిగిలి ఉంది. అది ఇస్తానని, అలా అయితేనే తీసుకుంటానని చెప్పాను. ఆయన చాలాసేపు వద్దన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున తానే కారులో పెట్టె తెచ్చాడు. తానే బిగిస్తానన్నాడు. ఆయనకు ఆ పని సరదా.

అక్కకు ముందురోజే చెప్పాను. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని తన కుర్చీలో కూర్చుంది.

“బాపు వస్తుండా తమ్మీ?” అని తెలుగులో మెల్లగా అడిగింది.

“వస్తుండక్కా,” అన్నాను.

ఆయన పెట్టె తిప్పి పెడుతుంటే వెనక స్టిక్కరు చూశాను. సీరియల్ నంబరు చివర ‘బి’ ఉంది. చూడలేదని చెప్పుకోలేను. చూశాను.

“ఇది రెండో రకమట. తేడా ఉంటుందని మా దగ్గర ఒకడు అన్నాడు,” అన్నాను.

ఆయన తన పెట్టె వెలిగించి మెనూలోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ నంబరు చూపించాడు. నా పుస్తకం అట్ట మీద రాసుకున్న నంబరే. ఒక్క అంకె తేడా లేదు.

“చూశారా? సాఫ్ట్‌వేర్ ఒకటే అయినప్పుడు బోర్డు ఏదైతే ఏం? ముప్పై ఏళ్లు యంత్రాలతోనే ఉన్నాను, పాటిల్ సాహెబ్.”

ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. బల్లార్‌పూర్ వాడి నంబరు జేబులోనే ఉంది. కాని ఇంటికి వచ్చిన పెద్దమనిషి మాట చెప్పాక, ఆయన ఎదుటే ఆ మాట నిజమా అని ఇంకొకణ్ని అడగడం మా ఇంట్లో లేదు. అందులోనూ మా ఎడ్ల దగ్గర పనిచేసినవాడి కొడుకును అడగడం. ఎవరైనా కాగితం తెచ్చి ఇక్కడ సంతకం పెట్టండంటే, తెచ్చినవాడి ముందు దాన్ని చదవడం అతన్ని అనుమానించడమే అని బాపు అనేవాడు. చాయ్ ఇప్పించి, చూపించిన చోట చదవకుండా సంతకం పెట్టేవాడు. భూములు పోయిన కాగితాల మీద కూడా అలాగే పెట్టాడు. నేను పక్కన నిలబడి, మా బాపు ఎంత దర్జాగా సంతకం పెడతాడో అనుకునేవాణ్ని. ఇవాళ్టికీ ఆ సంతకం నా కళ్లముందుంది.

ఆయన మా డిస్కు తన పెట్టెలో బిగించి, రిమోట్ నా చేతికిచ్చాడు. “మీ చేత్తోనే మొదలుపెట్టండి.” టీవీ మీద ఇంగ్లిషులో రెండు లైన్లు వచ్చాయి. కింద రెండు గళ్లు. నేను చదవగలను. మెట్రిక్ దాకా ఇంగ్లిషు చదివినవాణ్నే. కాని ఆయన నా పక్కనే నిలబడి తెరవైపు వేలు చూపిస్తున్నాడు.

“ఏదో డిస్కు సిద్ధం చేసుకోమంటోంది. యస్ నొక్కండి.”

నొక్కాను.

నీలం గీత ఒకటి తెర మీద ఎడమనుంచి కుడికి మెల్లగా నిండుతూ పోయింది. ఒక నిమిషం పట్టిందేమో. ఆ నిమిషంలో ఆ రెండు లైన్లూ చదివాను. చదివేసరికి గీత సగం దాటింది. వైరు పీకేసి ఉండవచ్చు. పీకితే ఆయన ముందు ఎలా ఉంటుందో అనుకున్నాను. అది కూడా అనుకున్నాను, రాయకుండా ఉండలేను.

గీత నిండింది. జాబితా వచ్చింది. అందులో ఏమీ లేదు.

“అరే,” అన్నాడాయన. “ఇదేమిటి, ఖాళీగా ఉంది?”

“పర్వాలేదు. మా దగ్గర ఇంకొక నకలు ఉంది,” అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆయన ముఖం తేటపడింది. చాయ్ తాగాడు. పాన్‌దాన్ మరిచిపోయి వెళ్తుంటే కారు దాకా వెళ్లి, సీటు మీద పెట్టి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అక్క కుర్చీలో అలాగే ఉంది. మరాఠీ ఆమెకు బాగా వచ్చు. ఆయన అన్న మాట విన్నది. నేనన్న మాటా విన్నది.

“నకలు ఉన్నదా తమ్మీ?”

“ఉన్నదక్కా. తెప్పిస్తా.”

మర్నాడు డిస్కు పట్టుకుని బల్లార్‌పూర్ వెళ్లాను. వాడు కంప్యూటరుకు తగిలించి, సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. చివరికి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“కొత్త డబ్బ కొత్త తాళమేసింది పటేలా. కింద ఏమన్న మిగిలినా దానికి చెవి లేదు. నాగపూర్ పంపినా గంతే, ముంబై పంపినా గంతే. మీ తృప్తికి పంపుతనంటే పంపుండ్రి.”

నేను డిస్కు అందుకున్నాను.

“వద్దనుమని చెప్పిన గద.”

“చెప్పావు.”

“ఆ ఆఫీసర్ సాబు మాట ఇన్నరు. నా మాట ఇనలే.” కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. “మీ బాపు ఎడ్లు కొనాల్నంటే మా నాయన్ని అంగడికి ముందు తోలి, ఆయన ఔనన్నాకనే బయానా పైసల్ ఇస్తుండె. మా నాయన ఎద్దు పంటి లెక్క సూసి చెప్పిందే మాట. గది గుడ మీ బాపు చెప్పిండు దాంట్ల, రెండో రోజు. నేను ఒక్కపారి ఇనాలనుకున్న. బోర్డు దొరికితె పైసల్ తీసుకోక, గా ముక్క ఒక్కటి ఇనిపియ్యుమని అడుగుదమనుకున్న.”

“నీకెలా తెలుసు, అది అందులో ఉందని?”

“అక్కగారు చెప్పింది. ఫోన్ల. నాకు చేస్తుండె గద, బోర్డు దొరికిందా అని. మీకు తెల్వదా?”

నాకు తెలియదు. పక్కింటి వాళ్ల ఫోనుతో చేయించుకునేదట.

ఎనిమిది రోజులు అక్కకు అబద్ధం చెప్పాను. నకలు వస్తోంది, నాగపూర్‌నుంచి రావాలి, వానలకు ఆలస్యమైంది అన్నాను. తొమ్మిదో రోజు భోజనాల దగ్గర ఆమే ఎత్తింది.

“నకలు లేదు గద తమ్మీ.”

“లేదక్కా.”

ఆమె చెయ్యి కంచంలో ఆగింది. అంతే. నాకు దొరికినవన్నీ తప్పు మాటలు. బాపు చెప్పిన చేల పేర్లు నేను రాసి పెడతానని, వంశవృక్షం నాకు నోటికొచ్చని, సరిహద్దులు మాత్రం కొన్ని గుర్తు లేవని అన్నాను. ఆమె చేల పేర్లు అందుకుంది. తూర్పు చేను, కుమ్మరి మడి, గుర్రపు బీడు, చింతల దగ్గరి సగం, ఒకటొకటిగా, సరిహద్దులతో సహా, చదివినట్టు చెప్పుకుంటూ పోయింది. నేను లేచి కాగితం తెచ్చుకోబోయాను.

“కూసో. గవి రాసుకుని ఏం జేస్తవురా? చేండ్లెట్లనో పోయినయి.”

“మరి అందులో ఇంకేముందక్కా?”

కంచంలోని ముద్ద పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది. రెండో రోజు, కుమ్మరి మడి సంగతి చెబుతుండగా బాపుకు దగ్గు వచ్చిందట. మాట ఆపి, కెమెరా వెనక వంటింటి వైపు చూసి, “బిడ్డా, నీళ్లు తే,” అన్నాడట. “తెస్తున్న బాపూ,” అని అక్క లోపలినుంచి అన్నదట. ఆ గొంతు రోజూ ఆమె వెనక స్పీకరులోంచి వచ్చేది. అప్పటి గొంతు, కళ్లున్నప్పటి గొంతు. తర్వాత చెంబు చప్పుడు, బాపు గుటకలు, మళ్లీ కుమ్మరి మడి.

“గంతే. మిగతాదంత నీ పటేల్‌గిరీనే. గా ఒక్క మాట కోసం కూసుంటుంటి. ఎప్పుడొస్తదో తెలుసు, అయినా ముందునుంచి కూసుంటుంటి. ఆయన పిలిస్తే నేను గుడ అంటుంటి, మెల్లగ. నువ్వు ఇనలే?”

వినలేదు. పదిహేనేళ్లలో ఒక్కరోజూ నేను చేల దాకా కూర్చోలేదు.

తప్పయిందని చెప్పాలనుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఒకరు మరొకరికి చెప్పగా నేనెన్నడూ వినలేదు. నోట్లోకి వచ్చింది గాని బయటికి రాలేదు. ఆమె కంచంలో చెయ్యి కడిగి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పెట్టె ఇప్పుడు బాగా పనిచేస్తోంది. బి రకం బోర్డు త్వరగా లేస్తుంది, వేడెక్కదు, కరెంటు పోయి వచ్చినా తట్టుకుంటుంది. ఐదు స్పీకర్లూ మోగుతాయి. నేను వార్తలు పెడతాను. అక్క మధ్యాహ్నం ఆ గదిలోకి రాదు. ఇదివరకు పగలు పడుకునే అలవాటు లేదు ఆమెకు. ఇప్పుడు భోజనం కాగానే పక్క గదిలో ముఖం గోడవైపు తిప్పుకుని పడుకుంటుంది. దీపాలు పెట్టేవేళకు లేస్తుంది. నిద్రపోతోందో లేదో నాకు తెలియదు. నేను వార్తల చప్పుడు తగ్గించి కూర్చుంటాను. పిలవను.